ఎప్పుడూ ఒంట్లో ఉండే ఫంగస్ ఇప్పుడెందుకు తిరగబడింది?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 44. షుగర్ వచ్చి ఆరేళ్ళయింది. ఎనిమిది నెలలుగా నెలసరికి వారం ముందు కింద విపరీతమైన దురద, మంట మొదలవుతున్నాయి. విరిగిన పాల ముక్కల్లా తెల్లబట్ట అవుతోంది. మెడికల్ షాపులో అడిగితే ఒకటే మాత్ర ఇస్తున్నారు. వేసుకున్న మూడు నాలుగు రోజులకు తగ్గుతుంది, మళ్ళీ నెలకో రెండు నెలలకో వస్తుంది. ఇప్పటికి అయిదుసార్లు వేసుకున్నాను. మా అత్తయ్య ఒంట్లో వేడి అంటారు, మజ్జిగ తాగమంటారు. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు ఇడ్లీ, దోసె, బ్రెడ్డు పూర్తిగా మానేయమంది, వాటిలో ఈస్ట్ ఉంటుందట. పోయిన నెల డాక్టరమ్మ కల్చర్ పరీక్ష చేయిస్తే ‘క్యాండిడా అల్బికాన్స్, జెర్మ్ ట్యూబ్ పాజిటివ్’ అని వచ్చింది. పాజిటివ్ అన్న మాట చూశాక ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం. ‘అమ్మా, ఇది అందరి ఒంట్లోనూ ఉండేదే, ఆకారం మార్చుకుంటే జబ్బు చేస్తుంది’ అంటోంది. అందరిలో ఉండేదయితే నాకే ఎందుకు? ఎవరి నుంచి అంటింది? రోజుకు రెండుసార్లు యాంటీసెప్టిక్ నీళ్ళతో కడుక్కుంటున్నా ఎందుకు పోవడం లేదు? రక్తంలోకి పాకుతుందా? కరోనా అప్పటి బ్లాక్ ఫంగస్ లాంటిదేనా? చాలా టెన్షన్‌గా ఉంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ ఎప్పటినుంచో వాడుతున్నాను. కిందటేడాది చివర్లో డపాగ్లిఫ్లోజిన్ అనే మాత్ర కలిపారు.
ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

సమాధానం: అమ్మా, ముందు ఆ ‘పాజిటివ్’ సంగతి తేల్చేద్దాం. అది జబ్బు ముదిరిందని చెప్పే మాట కాదు. ఆ ఫంగస్ పేరేమిటో తేల్చుకోవడానికి ల్యాబ్‌లో చేసే ఒక చిన్న పరీక్ష ఫలితం, అంతే. ముప్పై ఏళ్ళకు పైగా మెడికల్ కాలేజీ ల్యాబ్‌లో పనిచేశాను కాబట్టి ఆ పరీక్ష ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. అది ఎలా చేస్తామో చెబితే మీ మిగతా ప్రశ్నల్లో సగానికి జవాబు అందులోనే దొరుకుతుంది.

మీ దగ్గర తీసిన నమూనాను ప్లేటు మీద పూస్తే ఒకటి రెండు రోజుల్లో తెల్లగా, మెత్తగా, వెన్న చుక్కల్లా ఫంగస్ పెరుగుతుంది. మూత తీస్తే కల్లు ముంత దగ్గర వచ్చే పులిసిన వాసన. అందులో ఆశ్చర్యం లేదు, కల్లును పులియబెట్టే ఈస్ట్‌కి ఇది దూరపు చుట్టం. ఆ చుక్కలోంచి రవ్వంత తీసి నీళ్ళలో కలిపి మైక్రోస్కోపు కింద చూస్తే గుండ్రటి, కోలగా ఉండే కణాలు కనిపిస్తాయి. ఎర్ర రక్తకణం కంటే కాస్త చిన్నవి. అక్కడక్కడా ఒక కణం పక్కన చిన్న మొగ్గ. మొగ్గ పెద్దదై, విడిపోయి ఇంకో కణం అవుతుంది. చూడటానికి ఎంత సాధువుగా ఉంటాయంటే, కొత్తగా చేరిన విద్యార్థులు ‘ఇదా మేడమ్ జబ్బు చేసేది’ అని అడిగేవాళ్ళు.

అదే చుక్కను ఈసారి సీరంలో కలుపుతాం. రక్తం గడ్డ కట్టాక పైన తేరే లేత పసుపు నీరే సీరం. ఒక చిన్న గొట్టంలో అర మిల్లీలీటరు చాలు. దాన్ని 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో, అంటే మన ఒంటి వేడిలో పెట్టి, టీ తాగి, మిగతా పనులు చూసుకుని రెండున్నర గంటలకు వచ్చి ఒక చుక్క స్లైడు మీద వేస్తాం. ఇందాకటి గుండ్రటి కణాలకు ఇప్పుడు తోకలు! శనగలు నానబెట్టి మూటకడితే మొలకలు వచ్చినట్టు, ఒక్కో కణం నుంచి సన్నటి గొట్టం బయటికి వచ్చి ఉంటుంది. ఆ మొలకే జెర్మ్ ట్యూబ్. అది మొదలయ్యే చోట నొక్కు లేకుండా నున్నగా ఉంటే అల్బికాన్స్ అని రాస్తాం. 1956లో రేనాల్డ్స్, బ్రాడ్ అనే ఇద్దరు అమెరికాలో ఈ సంగతి గమనించి చెప్పారు. ఇప్పుడు లక్షల రూపాయల యంత్రాలు వచ్చాయి గానీ మన జిల్లా ల్యాబ్‌లలో ఈ పరీక్ష ఇంకా నడుస్తూనే ఉంది. ఖర్చు దాదాపు లేదు, కళ్ళతో చూసి చెప్పేయొచ్చు.

మీ అమ్మాయి చెప్పిన ‘ఆకారం మార్చుకోవడం’ ఇదేనమ్మా. ఆ మొలకను అలా పెరగనిస్తే పొడవాటి పోగు అవుతుంది. దాన్ని హైఫా అంటారు. గుండ్రటి కణం ఉన్నచోట మొగ్గలు వేసుకుంటూ ఉంటుంది. పోగు ముందుకు పాకుతుంది, అడ్డం వస్తే దూరుతుంది. జీవి అదే, జన్యువులు అవే. చుట్టూ ఉన్న వాతావరణాన్ని బట్టి ఏ ఆకారంలో ఉండాలో అది తేల్చుకుంటుంది. మీ సమస్యకు మూలం కూడా ఆ వాతావరణం దగ్గరే ఉందని నా ఉద్దేశం. ఎందుకో చెబుతాను.

పోగుగా మారమని దానికి చెప్పేవి చాలానే ఉన్నాయి. ఒంటి వేడి ఒకటి. సీరం ఒకటి. బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉండటం, పులుపు తగ్గి తటస్థంగా మారడం, తిండి కరువు కావడం, ఇవన్నీ ఉన్నాయి. పులుపు ఉంటే గుండ్రంగానే ఉండటానికి మొగ్గు చూపుతుంది. సీరంలో ఏముంది ఇంతగా రెచ్చగొట్టేది అని చాలాకాలం వెతికారు. 2008లో సింగపూర్ శాస్త్రవేత్తలు ఒక జవాబు పట్టుకున్నారు: బ్యాక్టీరియా గోడల్లోంచి రాలిన తునకలు. పక్కింటివాళ్ళ గోడ కూలిన శబ్దం విని లేచినట్టు, ఆ తునకలు తగలగానే క్యాండిడా లోపల ఒక ఎంజైమ్ పనిచేయడం మొదలై పోగు వేస్తుంది. ఇంకో తమాషా, ఇవి గుంపుగా ఎక్కువైనప్పుడు ఫార్నెసాల్ అనే పదార్థం విడుదల చేసి ‘ఇక పోగులు వేయకండి’ అని ఒకదానికొకటి చెప్పుకుంటాయి. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్ళు 2001లో కనిపెట్టారు. కణానికి మెదడు లేకపోయినా ఊళ్ళో జనం ఎంతమందో దానికి తెలుసు.

ఆకారం మారితే మారింది, దానికీ జబ్బుకీ సంబంధం ఏమిటని మీరు అడగొచ్చు. శాస్త్రవేత్తలకూ అదే సందేహం ఉండేది. 1997లో అమెరికాలో పోగులు వేయలేని క్యాండిడాను తయారుచేసి ఎలుకల రక్తంలోకి ఎక్కిస్తే అవి జబ్బు పడలేదు. నాకు అంతకంటే నచ్చిన ప్రయోగం 2003లో టెక్సాస్ శాస్త్రవేత్తలు చేసింది. క్యాండిడాలో పోగులు వేయకుండా బ్రేకు వేసి ఉంచే జన్యువు ఒకటి ఉంది. ఆ బ్రేకు తాళంచెవి తమ చేతిలో ఉండేలా మార్చారు. ఎలుక తాగే నీళ్ళలో డాక్సీసైక్లిన్ కలిపితే బ్రేకు ఊడుతుంది, కలపకపోతే బ్రేకు పడే ఉంటుంది. రెండు గుంపుల ఎలుకలకూ అదే ఫంగస్ ఎక్కించారు. మందు కలిపిన నీళ్ళు తాగినవి చనిపోయాయి. మామూలు నీళ్ళు తాగినవి బతికాయి. విచిత్రం ఏమిటంటే, బతికిన ఎలుకల అవయవాల్లోనూ ఫంగస్ బాగానే చేరి ఉంది. లోపల ఉంది, కానీ గుండ్రంగా ఉంది, అందుకని చంపలేదు. ఫంగస్ ఉండటం వేరు, జబ్బు వేరు అని ఇంత స్పష్టంగా చూపించిన ప్రయోగం నేను ఇంకోటి చూడలేదు. మీ ‘అందరిలో ఉండేదయితే’ అన్న ప్రశ్నకు ఇది సగం జవాబు.

పోగు చేసే పనులు మూడు నాలుగు ఉన్నాయి. దాని ఒంటి మీద గుండ్రటి కణానికి లేని ప్రొటీన్లు మొలుస్తాయి, వాటితో మన చర్మపు పొరను గట్టిగా పట్టుకుంటుంది. చిన్న గాడి దొరికితే దాని వెంటే పాకుతుంది, సందు దొరికితే లోపలికి తిరుగుతుంది. పిట్టగోడ పగుల్లో రావి మొక్క వేరు దిగడం చూసే ఉంటారు, అలా. తెల్లరక్తకణం దాన్ని మింగినా లోపల పోగు వేసి పొడుచుకుని బయటికి వచ్చేస్తుంది.

వీటన్నిటికంటే మీకు బాగా సంబంధించినది విషం సంగతి. పోగు వేసినప్పుడు మాత్రమే పెద్ద ఎత్తున పనిచేసే ఒక జన్యువు ఉందని 1990ల నుంచే తెలుసు. అది ఎందుకుందో మాత్రం అంతుపట్టలేదు. ఆ జన్యువును తీసేసినా పోగులు మామూలుగానే వచ్చేవి. ఇరవై ఏళ్ళు పైగా అలా పక్కన పడి ఉన్న జన్యువు గుట్టును 2016లో లండన్‌లోని కింగ్స్ కాలేజీ బృందం, జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి బయటపెట్టింది. అది ఒక పొడవాటి ప్రొటీన్ తయారుచేస్తుంది, ఫంగస్ దాన్ని ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్లో 31 అమైనో ఆమ్లాలున్న ఒకటి మన కణాల పొరకు చిల్లులు పెడుతుంది. దానికి క్యాండిడాలైసిన్ అని పేరు పెట్టారు. మనుషులకు జబ్బు చేసే ఫంగస్‌లలో ఇలాంటి విషం దొరకడం అదే మొదటిసారి. నేను అప్పటికి రిటైరయ్యే వయసుకు దగ్గరపడ్డాను. ఏళ్ళ తరబడి స్లైడు మీద చూసిన ఆ మొలక ఇంత పని చేస్తోందా అనుకున్నాను.

చిల్లు పడిన కణం ఊరుకోదు, గోల చేస్తుంది. ఆ గోలకు తెల్లరక్తకణాలు గుంపులు గుంపులుగా వచ్చిపడతాయి. మీకు తెలుస్తున్న దురద, మంట, ఎర్రదనంలో చాలా భాగం ఆ గలాటా వల్లే. 2004లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న స్త్రీలు కొందరు తమంతట తాము ముందుకొచ్చి, యోనిలో క్యాండిడా పెట్టించుకుని చూశారు. ఫంగస్ చేరినా అందరికీ లక్షణాలు రాలేదు. ఎవరికి తెల్లరక్తకణాలు గుంపుగా వచ్చాయో వాళ్ళకే వచ్చాయి. మిగతావాళ్ళు ఫంగస్‌తోనే హాయిగా ఉన్నారు.

ఇక ‘నాకే ఎందుకు’ అన్న దాని దగ్గరికి వద్దాం. మీకొక్కరికే కాదమ్మా. ప్రతి నలుగురు స్త్రీలలో ముగ్గురికి జీవితంలో ఒకసారైనా ఇది వస్తుంది. బయటికి చెప్పుకోరు కాబట్టి ఎవరికి వారు తమకే వచ్చిందనుకుంటారు. కానీ ఏడాదిలో మూడు నాలుగుసార్లు తిరగబెట్టడం అంత మామూలు విషయం కాదు. దానికి వెనక ఏదో ఉందా అని వెతకాలి. మీ ఉత్తరంలో ఆ ‘ఏదో’ చివరి వాక్యంలో ఉంది. మీరు దాన్ని మామూలుగా రాసి వదిలేశారు గానీ నా కళ్ళు అక్కడే ఆగాయి.

డపాగ్లిఫ్లోజిన్ పనిచేసే పద్ధతి వేరు. రక్తంలో ఎక్కువైన చక్కెరను కిడ్నీలు వెనక్కి తీసుకోకుండా ఆపి మూత్రంలో బయటికి పంపిస్తుంది. రోజుకు సుమారు 60 నుంచి 80 గ్రాముల చక్కెర అలా పోతుంది. పన్నెండు పదిహేను చెంచాలన్న మాట. మూత్రం వెళ్ళే చోట ఆ చక్కెర తడి నిత్యం ఉంటే, ఈస్ట్‌కి అంతకంటే పండగ ఏముంటుంది? ఈ రకం మందులు వాడే స్త్రీలలో జననాంగాల ఫంగస్ మూడు నాలుగు రెట్లు ఎక్కువగా వస్తుందని పరీక్షల్లో తేలింది. మన దేశంలో 2020లో దీని పేటెంటు ముగిశాక చవకగా దొరకడం మొదలైంది, చాలామంది డాక్టర్లు రాస్తున్నారు. రాయడం తప్పు కాదు. గుండెకు, కిడ్నీలకు ఇది చేసే మేలు చిన్నది కాదు. రాసేటప్పుడు ‘కింద దురద వస్తే చెప్పండి’ అన్న ఒక్క ముక్క చాలాచోట్ల చెప్పరు. అక్కడే నా ఫిర్యాదు.

మీకు దురద మొదలైందీ, ఆ మాత్ర కలిపిందీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ఇదే కారణం అని ఉత్తరం చూసి తేల్చలేను గానీ, నేనయితే మొదట అనుమానించేది దీన్నే. అలాగని రేపు పొద్దున్నే ఆ మాత్ర ఆపేయకండి. ముందు మీ షుగర్ డాక్టరు దగ్గరికి ఈ కల్చర్ రిపోర్టు పట్టుకెళ్ళి, ఎన్నిసార్లు వచ్చిందో తేదీలతో సహా చెప్పండి. మీ కిడ్నీ, గుండె పరిస్థితి చూసి కొనసాగించాలా, మార్చాలా అన్నది వారు చెబుతారు. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష కూడా చేయించండి. అది ఎక్కువగా ఉంటే ఈ మాత్ర ఉన్నా లేకపోయినా ఫంగస్ తిరగబెడుతూనే ఉంటుంది. ఈ మాత్ర వాడే వారందరికీ ఒక హెచ్చరిక: జననాంగాల దగ్గర గానీ మలద్వారం చుట్టూ గానీ తీవ్రమైన నొప్పి, వాపు, దాంతో జ్వరం వస్తే మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. చాలా అరుదు, కానీ ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్ అది.

నెలసరికి వారం ముందే ఎందుకు వస్తోందని మీరు అడగలేదు గానీ గమనించి రాశారు. ఈస్ట్రోజెన్ హార్మోను ప్రభావంతో యోని గోడల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం చేరుతుంది, అది క్యాండిడాకు అనుకూలం. అందుకే ఈ బాధ రజస్వల కాని పిల్లల్లో, నెలసరి ఆగిపోయిన పెద్దవాళ్ళలో తక్కువ, గర్భిణుల్లో ఎక్కువ. హార్మోన్లు మారుతూ ఉండే ఆ చివరి వారంలోనే చాలామందికి లక్షణాలు బయటపడతాయి. ఈ ఎనిమిది నెలల్లో జ్వరానికో పంటికో యాంటీబయాటిక్ వాడారా? వాడి ఉంటే ఆ తేదీ కూడా రాసుకోండి. యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా పులుపు తయారుచేస్తూ ఉంటుంది. యాంటీబయాటిక్‌కి అవి చస్తే క్యాండిడాకు పోటీ తగ్గుతుంది. పైగా ఇందాక చెప్పిన గోడ తునకలు గుర్తున్నాయి కదా, చచ్చిన బ్యాక్టీరియా నుంచి అవి రాలుతాయి.

కడుక్కోవడం గురించి కాస్త గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. యాంటీసెప్టిక్ నీళ్ళు ఈ రోజే మానేయండి. ఇది శుభ్రత లేక వచ్చిన జబ్బు కాదు. ఎంత కడిగినా క్యాండిడా పోదు, అది ఆ పొరను అంటిపెట్టుకుని ఉంటుంది, పేగుల్లోనూ ఉంటుంది. పోయేది లాక్టోబాసిల్లస్. ఒరిసిపోయేది మీ చర్మం. పెద్ద పెద్ద ప్రకటనలతో అమ్మే వాష్‌లు కూడా అంతే, వాసన కోసం డబ్బు. బయటి భాగం మామూలు నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో తడి లేకుండా అద్దుకుంటే చాలు. లోపల ఏమీ పోయొద్దు, పెరుగు కూడా పూయొద్దు. నూలు లోదుస్తులు వేసుకోండి, రాత్రిపూట వదులుగా ఉండనివ్వండి.

ఎవరి నుంచి అంటిందని అడిగారు. పుట్టేటప్పుడో, తర్వాత కొన్నాళ్ళకో, చాలామందికి కన్నతల్లి నుంచే. పసిపిల్లల నాలుక మీద పాలు పేరుకున్నట్టు తెల్లగా పూత వస్తుందే, తుడిచినా పోదు, అది ఈ క్యాండిడాయే. క్యాండిడా అంటే లాటిన్‌లో తెల్లనిది, అల్బికాన్స్ అంటే తెల్లబడేది. పేరు పెట్టినవాళ్ళకు ఆ తెలుపు ఒకసారి చెబితే సరిపోలేదు. మీవారిని అనుమానించాల్సిన పని గానీ, మిమ్మల్ని ఎవరైనా అనుమానించాల్సిన పని గానీ లేదు. దీన్ని లైంగిక వ్యాధుల లెక్కలో చేర్చరు. ఆయనకు దురద, ఎర్రటి మచ్చలు ఉంటేనే ఆయనకు మందు. ఏమీ లేకపోతే అవసరం లేదు. ఆయన కూడా షుగర్‌కి ఇదే రకం మాత్ర వాడుతుంటే మాత్రం ఆయన్నీ చూసుకోమనండి.

మెడికల్ షాపు మాత్ర విషయం. మీరు పేరు రాయలేదు గానీ ఒకటే మాత్ర అంటే 150 మిల్లీగ్రాముల ఫ్లూకొనజోల్ అయి ఉంటుంది. మంచి మందే. అయితే అది క్యాండిడాను చంపదు, పెరగకుండా ఆపుతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే వారికి ఆ ఒక్కటీ సరిపోతుంది, మిగతా పని ఒళ్ళు చూసుకుంటుంది. మీలా తిరగబెట్టే వారికి వాడే పద్ధతి వేరు. మొదట మూడు రోజులకొకటి చొప్పున మూడు మాత్రలు, ఆ తర్వాత వారానికొకటి చొప్పున ఆరు నెలలు. ఇది మీ డాక్టరమ్మ చెబితేనే మొదలుపెట్టాలి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే మీరు గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. ఫ్లూకొనజోల్ దాన్ని ఒంట్లోంచి తొందరగా పోనివ్వదు, దాంతో షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఆ అయిదుసార్లలో ఎప్పుడైనా మాత్ర వేసుకున్నాక చెమటలు పట్టడం, వణుకు, కళ్ళు తిరగడం జరిగాయేమో గుర్తు చేసుకోండి. షాపులో ఇచ్చిన అబ్బాయికి మీ షుగర్ మందుల సంగతి తెలిసే అవకాశం లేదు. రక్తం పలచబడే మందులు, కొలెస్ట్రాల్ మాత్రలు ఏవైనా వాడుతుంటే అవీ చెప్పండి. నెలసరి ఇంకా వస్తోంది కాబట్టి గర్భం వచ్చే అవకాశం ఏమాత్రం ఉన్నా ముందే చెప్పాలి. అప్పుడు నోటి మాత్రలు ఇవ్వరు, లోపల పెట్టుకునే మందు ఏడు రోజులు ఇస్తారు.

ఆరు నెలలు వాడి ఆపాక కూడా సగం మందికి పైగా మళ్ళీ వచ్చే అవకాశం ఉంది. మొహమాటం లేకుండా చెబుతున్నాను, లేకపోతే అప్పుడు మళ్ళీ కంగారుపడతారు. అందుకే మందు కంటే ముందు చక్కెర సంగతి చూడమంటున్నది. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన క్రీములు షాపుల్లో ఇస్తారు. రాసుకోగానే దురద తగ్గుతుంది, లోపల పని చెడుతుంది. వాటి జోలికి పోవద్దు. ఇంకో మాట, ప్రతి తెల్లబట్టా క్యాండిడా కాదు. చేపల వాసన వస్తే, పసుపు పచ్చగా నురుగులా ఉంటే అవి వేరే జబ్బులు, వాటికి ఈ మాత్ర పనిచేయదు. గ్లబ్రాటా అనే క్యాండిడా ఒకటుంది, అది అసలు పోగులే వేయదు, ఫ్లూకొనజోల్‌కి సరిగ్గా లొంగదు కూడా. మీది అల్బికాన్స్ అని తేలడం నిజానికి మంచి వార్త. కల్చర్ చేయించిన మీ డాక్టరమ్మను మెచ్చుకోవాలి, చాలాచోట్ల చేయించరు.

ఇప్పుడు ఇడ్లీ. మీ ఆడపడుచు అన్నది అమెరికాలో బాగా ప్రచారంలో ఉన్న మాట, ఆవిడ తప్పేం లేదు. కానీ ఇడ్లీ పిండిని ప్రధానంగా పులియబెట్టేది బ్యాక్టీరియా. అందులో ఈస్ట్ కొంత ఉన్నా ఆవిరి మీద ఉడికాక చచ్చిపోతుంది, పైగా అది మీ క్యాండిడా కాదు. ఇడ్లీ మానేస్తే తెల్లబట్ట తగ్గుతుందనడానికి రుజువు లేదు. షుగర్ కోసం ఎన్ని తినాలన్నది వేరే లెక్క, నాలుగు తినే చోట రెండు తిని పప్పు, కూర ఎక్కువ వేసుకోండి. అత్తయ్యగారి మజ్జిగ హాయిగా తాగండి, మంచిదే. దాంతో ఈ ఫంగస్ పోతుందని మాత్రం ఎదురుచూడకండి. ఒంట్లో వేడి అన్న మాటను నేను కొట్టిపారేయను, మంటను మన పెద్దవాళ్ళు అలా చెప్పుకున్నారు. కాకపోతే ఆ వేడికి మందు మజ్జిగలో లేదు.

రక్తంలోకి పాకుతుందా అన్నారు. మీ విషయంలో ఆ భయం అక్కర్లేదు. క్యాండిడా రక్తంలో చేరడం నిజంగా ప్రమాదకరమే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేసిన ఫంగస్‌ల జాబితాలో అల్బికాన్స్‌ను అత్యంత ముఖ్యమైన నాలుగింటిలో చేర్చింది. అయితే అది ఐసీయూలో రోజుల తరబడి ఉన్నవారికి, పెద్ద రక్తనాళంలో గొట్టం వేసి ఉన్నవారికి, పేగుల ఆపరేషన్ అయినవారికి, కీమోథెరపీతో తెల్లరక్తకణాలు పడిపోయినవారికి, నెలలు నిండని పసికందులకు వచ్చే ముప్పు. నడిచి తిరుగుతూ ఉత్తరం రాసే మీలాంటి వారిలో ఇది పై పొర దాటి పోదు. బ్లాక్ ఫంగస్ పూర్తిగా వేరే జాతి. అది గాలిలో, మట్టిలో ఉండి ముక్కు ద్వారా వస్తుంది, ఒంట్లో పోగుగానే పెరుగుతుంది, రక్తనాళాల్లోకి దూరుతుంది. రెండింటికీ పోలిక ఏదైనా ఉందంటే అదుపులో లేని షుగర్ రెండింటికీ ఇష్టం, అంతవరకే.

దీనికి టీకా లేదా అని చాలామంది అడుగుతారు. పోగు మీద మాత్రమే ఎక్కువగా కనిపించే ఒక ప్రొటీన్‌ను గురిపెట్టి తయారుచేసిన టీకాను అమెరికాలో పదేపదే ఇది తిరగబెట్టే స్త్రీలకు ఇచ్చి చూశారు. 40 ఏళ్ళలోపు వారిలో కొంత మేలు కనిపించింది. బజారులోకి మాత్రం రాలేదు. ఆ ఆలోచన నాకు నచ్చింది: గుండ్రటి కణాన్ని దాని మానాన వదిలేసి పోగును మాత్రం పట్టుకోవడం. అసలు మొత్తంగా క్యాండిడాను ఒంట్లోంచి తుడిచేయడం ఎవరి వల్లా కాదు, అవసరమూ లేదు. పోగు అంటే అచ్చంగా దొంగ అని కూడా అనుకోకండి. పేగుల్లో బ్యాక్టీరియా మధ్య చోటు సంపాదించుకోవడానికి కూడా ఆ ఆకారం, ఆ విషం దానికి పనికొస్తాయని ఈమధ్య ఎలుకల మీద తేలింది. మనకు జబ్బు చేయాలన్న ఉద్దేశం దానికేమీ లేదు, దాని బతుకు అది చూసుకుంటోంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు కల్చర్ రిపోర్టు, అన్ని మందుల స్ట్రిప్పులు, మీరు రాసుకున్న తేదీలు పట్టుకెళ్ళండి. షుగర్ డాక్టరుకీ, డాక్టరమ్మకీ ఇద్దరికీ ఒకే కాగితం చూపించండి. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియకపోవడం వల్లే సగం చిక్కులు వస్తాయి.

మీ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి, సరిగ్గానే చదువుకుంటోంది. వాళ్ళ ల్యాబ్‌లో జెర్మ్ ట్యూబ్ పరీక్ష పెట్టినప్పుడు గడియారం చూసుకోమనండి. మూడు గంటలు దాటనివ్వకూడదు. దాటితే ట్రాపికాలిస్ లాంటి ఇతర క్యాండిడాలు కూడా తోకలు వేసేస్తాయి, మొదట్లో నొక్కు ఉందా లేదా అని సరిగ్గా చూడకపోతే రిపోర్టు తప్పు రాస్తాం. మొదటి ఏడాది నేనూ ఒకసారి అలాగే రాసి మా ప్రొఫెసరు గారి చేత చీవాట్లు తిన్నాను.